సైనిక ఉపగ్రహాల లాంచ్ కోసం అమెరికా ప్రభుత్వం వేసే ఆర్‌ఎఫ్‌ఐకి జవాబు రాయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

అమెరికా స్పేస్ ఫోర్స్ రాకెట్ కొనదు. ఫలానా బరువున్న ఉపగ్రహాన్ని ఫలానా కక్ష్యలో ఫలానా సమయానికి వదిలిపెట్టండి అని ఒక సర్వీసు కొంటుంది. ఇంజిన్ ఏది, బూస్టర్ తిరిగొచ్చి దిగుతుందా సముద్రంలో పడిపోతుందా అన్నది చాలావరకు కంపెనీ చూసుకోవాల్సిన గొడవ. అయితే కొనేముందు మార్కెట్లో ఎవరి దగ్గర ఏముందో, ఎంతకి వస్తుందో, ఎప్పటికి వస్తుందో కనుక్కుంటుంది. ఆ కనుక్కోవడాన్నే మార్కెట్ రీసెర్చ్ అంటారు. అందులో మనలాంటివాళ్లకి బయటికి కనిపించే ముక్క ఆర్‌ఎఫ్‌ఐ, అంటే సమాచారం ఇవ్వండి అని వేసే నోటీసు.

మీరు చిన్న లాంచ్ కంపెనీలోనో, ఏవియానిక్స్ (రాకెట్ ఎలక్ట్రానిక్స్), ఉపగ్రహాన్ని రాకెట్‌కి బిగించే అడాప్టర్లు, పేలోడ్ ప్రాసెసింగ్ (ఉపగ్రహాన్ని ప్రయోగానికి సిద్ధం చేయడం) లాంటివి అందించే సప్లయర్ దగ్గరో పనిచేస్తూ, ఒకరోజు మీ మేనేజర్ వచ్చి "ఇదిగో ఈ ఆర్‌ఎఫ్‌ఐ సంగతి చూడు" అని చేతిలో పెట్టి వెళ్లిపోతే ఏం చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నా. నేను ఇలాంటివి రాసే టీముల్లో కొన్నేళ్లు కూర్చున్నాను. నా మొదటి జవాబు 14 పేజీలు. నోటీసులో పరిమితి 10 పేజీలు, 10 దాటినవి చదవం అని స్పష్టంగా రాసి ఉంది. మేమేమో అంకెలన్నీ 11వ పేజీ నుంచి పెట్టాం, ముందు పది పేజీల నిండా కంపెనీ చరిత్ర, ఫొటోలు. నిఖార్సుగా పప్పులో కాలేశాం.

ముందు ఇది టెండర్ కాదని బుర్రకెక్కించుకోండి

ప్రభుత్వ కొనుగోళ్ల నియమావళిని ఫార్ అంటారు. దాని 10వ భాగం మొత్తం మార్కెట్ రీసెర్చ్ గురించే. 15.201 సెక్షన్‌లో ఒక మాట సూటిగా ఉంటుంది: ఆర్‌ఎఫ్‌ఐకి వచ్చిన జవాబులు ఆఫర్లు కావు, వాటిని ఒప్పుకుని ప్రభుత్వం కాంట్రాక్టు కుదుర్చుకోలేదు. రాయడానికి అయిన ఖర్చు కూడా ఎవరూ తిరిగివ్వరు. (2025లో ఫార్ మొత్తాన్ని తిరగరాయడం మొదలుపెట్టారు కాబట్టి సెక్షన్ నంబర్లు కోట్ చేసేముందు ఆ రోజుకి అమల్లో ఉన్న పాఠం ఒకసారి చూసుకోండి, పాత పీడీఎఫ్ మీద ఆధారపడొద్దు.)

మరి డబ్బులు రాని పనికి మూడు వారాలు ఎందుకు ధారపోయాలి? దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఎన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఫేజ్ 3. ఎన్‌ఎస్‌ఎస్‌ఎల్ అంటే నేషనల్ సెక్యూరిటీ స్పేస్ లాంచ్, పెద్ద సైనిక ఉపగ్రహాల ప్రయోగాలు కొనే కార్యక్రమం, ఒకప్పుడు ఈఈఎల్‌వీ అనేవాళ్లు, 2019లో పేరు మారింది. 2020 ఆగస్టులో ఫేజ్ 2 ఇద్దరికే ఇచ్చారు, 60 శాతం మిషన్లు యునైటెడ్ లాంచ్ అలయన్స్ (యూఎల్‌ఏ) అనే కంపెనీకి, 40 శాతం స్పేస్‌ఎక్స్‌కి. ఫేజ్ 3 ముసాయిదా 2023 ఫిబ్రవరిలో బయటికొచ్చినప్పుడు, కష్టమైన మిషన్లుండే లేన్ 2లో మళ్లీ ఇద్దరే అని ఉంది. పరిశ్రమ నుంచి అభిప్రాయాలు వెళ్లాయి, ముఖాముఖి మాటలు జరిగాయి, అదే ఏడాది జులైలో వచ్చిన రెండో ముసాయిదాలో మూడో కంపెనీకి చోటు పుట్టింది. 2025 ఏప్రిల్‌లో కాంట్రాక్టులు ఇచ్చినప్పుడు లెక్క ఇలా తేలింది: స్పేస్‌ఎక్స్‌కి 28 మిషన్లు, సుమారు 590 కోట్ల డాలర్లు, యూఎల్‌ఏకి 19 మిషన్లు, సుమారు 540 కోట్లు, మూడో కుర్చీలో కూర్చున్న బ్లూ ఆరిజిన్‌కి 7 మిషన్లు, సుమారు 240 కోట్లు. మొదటి ముసాయిదా అలాగే గట్టిపడిపోయి ఉంటే ఆ మూడో కుర్చీయే లేదు.

అందుకే జవాబు రాసేది మన రాకెట్‌ని అమ్ముకోవడానికి అనుకోకండి. అసలు టెండర్‌లో రాబోయే వాక్యాలు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు వాటిలో మన మాట కలపడానికి రాస్తున్నాం. టెండర్ వచ్చేశాక "ఈ షరతు మాకు కుదరదండీ" అనడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

నోటీసు పట్టుకోవడం

నోటీసులు సామ్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పడతాయి. చదవడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ తర్వాత కాంట్రాక్టు తీసుకోవాలంటే సంస్థ నమోదై ఉండాలి, సంస్థని గుర్తించే యూఈఐ నంబరు ఉండాలి (2022 ఏప్రిల్‌లో పాత డన్స్ నంబరుని తీసేసి దీన్ని పెట్టారు), రక్షణ శాఖ సప్లయర్లని గుర్తించే కేజ్ కోడ్ ఉండాలి. నమోదుకి వారాలు పట్టొచ్చు, కాబట్టి నోటీసు చూశాక మొదలుపెడదాంలే అనుకోవద్దు.

వెతికేటప్పుడు "లాంచ్" అని కొడితే సాఫ్ట్‌వేర్ లాంచ్ దగ్గర్నుంచి పడవల లాంచ్ దాకా అన్నీ వచ్చి పడతాయి. కోడ్‌లతో వెతకండి. అంతరిక్ష రవాణా, ప్రయోగ సేవలకి ప్రొడక్ట్ సర్వీస్ కోడ్ వీ126. క్షిపణులు, అంతరిక్ష వాహనాల తయారీకి నెయిక్స్ (పరిశ్రమల వర్గీకరణ) కోడ్ 336414. ఈ రెండిటితో సెర్చ్ సేవ్ చేసుకుని రోజూ మెయిల్ వచ్చేలా పెట్టుకోండి. ఇంకో చిక్కు, ఆర్‌ఎఫ్‌ఐ అనే పేరుతోనే పడాలని లేదు. సోర్సెస్ సాట్ (ఈ పని ఎవరు చేయగలరు అని వెతికే నోటీసు) అనో స్పెషల్ నోటీస్ అనో కూడా పడుతుంది, ఫిల్టర్‌లో ఒక్క రకమే టిక్ పెడితే మిగతావి జారిపోతాయి.

గడువు తేదీ చూసినప్పుడు టైమ్ జోన్ కూడా చూడండి. స్పేస్ ఫోర్స్‌లో ఈ కొనుగోళ్లు చూసే స్పేస్ సిస్టమ్స్ కమాండ్ ఉన్నది కాలిఫోర్నియాలోని ఎల్ సెగుండోలో, అక్కడి గడువు తరచూ పసిఫిక్ టైమ్‌లో ఉంటుంది. మీరు తూర్పు తీరంలో ఉంటే మూడు గంటలు కలిసొస్తాయి, కాలిఫోర్నియాలో కూర్చున్నవాళ్లు తూర్పు తీరపు ఆఫీసుకి పంపాల్సి వస్తే మూడు గంటలు పోతాయి.

అడుగుతున్నది ఎవరు, ఎందుకు

నోటీసులో ప్రశ్నల జాబితా మీదకి ఉరకొద్దు. నేపథ్యం రాసిన పేరాలు రెండుసార్లు చదవండి, అడిగేవాళ్ల అవసరం అక్కడే బయటపడుతుంది.

పెద్ద మిషన్లు చూసేది ఎల్ సెగుండో. చిన్న రాకెట్లు, ప్రయోగాత్మక మిషన్లు, ఓఎస్‌పీ-4 లాంటి చిన్న ప్రయోగాల కాంట్రాక్టులు నడిపేది న్యూ మెక్సికోలోని కర్ట్‌లాండ్ ఎయిర్ ఫోర్స్ బేస్‌లో ఉన్న బృందం. ఈ రెండు చోట్లా ఆలోచించే తీరు వేరు. పెద్ద మిషన్ వాళ్లకి ఒక ఉపగ్రహం పోతే వందల కోట్ల డాలర్లు, ఏళ్ల పని మట్టిలో కలిసినట్టే, అందుకని నమ్మకం గురించి గుచ్చి గుచ్చి అడుగుతారు. చిన్న మిషన్ వాళ్లు వేగం, ధర ఎక్కువ అడుగుతారు. 2023 సెప్టెంబర్‌లో విక్టస్ నాక్స్ అనే మిషన్‌లో లాంచ్ ఆర్డర్ అందిన 27 గంటలకే ఫైర్‌ఫ్లై వాళ్ల ఆల్ఫా రాకెట్ కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ ప్రయోగ కేంద్రం నుంచి లేచింది. ఆ మిషన్ తర్వాత "ఎంత తొందరగా" అన్న ప్రశ్నకి వారాలు, నెలల్లో సమాధానం చెబితే ఎదుటివాళ్లు మొహం చిట్లిస్తారు.

ఇక ఉద్దేశం. ఒక్కోసారి చిన్న సంస్థలకి మాత్రమే కేటాయించొచ్చా అని తేల్చుకోవడానికి అడుగుతారు, అప్పుడు రెండు పేజీల్లో మీ సైజు, అర్హత, అనుభవం చెబితే చాలు. ఒక్కోసారి తాము అనుకుంటున్న షరతులు మార్కెట్‌కి కుదురుతాయా అని అడుగుతారు. ఒక్కోసారి బడ్జెట్ వేసుకోవడానికి ధర ఎంత ఉండొచ్చో తెలియాలి. మూడింటికీ ఒకే జవాబు పంపేవాళ్లని చూశాను, కట్ పేస్ట్ చేసి కవర్ లెటర్ మారుస్తారంతే, చదివేవాడికి రెండో పేరాలోనే దొరికిపోతుంది.

చట్టం వైపు నుంచి రెండు విషయాలు గుర్తుంటే మీ జవాబు సరైన దారిలో నడుస్తుంది. సైనిక ప్రయోగాలకి కనీసం రెండు వేర్వేరు లాంచ్ వాహనాలో వాహన కుటుంబాలో అందుబాటులో ఉండాలన్నది అమెరికా చట్టంలోనే ఉన్న విధానం. అలాగే ప్రభుత్వ పేలోడ్‌లకి అంతరిక్ష రవాణాని అమెరికన్ వాణిజ్య సంస్థల నుంచే తీసుకోవాలన్నది ఇంకో చట్టం, దానికి మినహాయింపులు ఉన్నా అవి తక్కువ. ఈ జాగ్రత్త వెనక అనుభవం ఉంది. 2006 డిసెంబర్‌లో యూఎల్‌ఏ ఏర్పడ్డాక దాదాపు దశాబ్దం పాటు పెద్ద సైనిక మిషన్లకి అదొక్కటే దిక్కు, స్పేస్‌ఎక్స్‌కి సర్టిఫికేషన్ వచ్చింది 2015 మేలో. ఆ రోజుల్లో యూఎల్‌ఏ అట్లాస్ 5 కింద ఉన్నది రష్యా నుంచి తెచ్చిన ఆర్‌డీ-180 ఇంజిన్. 2014లో క్రిమియా గొడవ వచ్చేసరికి అమెరికా సైనిక ఉపగ్రహాలు రష్యా ఇంజిన్ మీద ఎగరడమేంటని కాంగ్రెస్ దాని వాడకానికి కళ్లెం వేసింది. అందుకే ఇప్పటికీ "మీ సప్లై చెయిన్‌లో విదేశీ భాగాలేవి" అని అడిగితే అది ఫార్మాలిటీ ప్రశ్న కాదు, పాత గాయం.

రాయాలా వద్దా

ప్రతిదానికీ రాయక్కర్లేదు. మీ దగ్గర ఉన్నది ఆ అవసరానికి ఆమడ దూరంలో ఉంటే వదిలేయండి. కానీ "మా రాకెట్ ఇంకా ఎగరలేదు కదా" అన్నదొక్కటే కారణమైతే మాత్రం ఆగొద్దు. ఫేజ్ 3లో అంత కష్టం కాని మిషన్లుండే లేన్ 1లోకి 2024 జూన్‌లో స్పేస్‌ఎక్స్, యూఎల్‌ఏ, బ్లూ ఆరిజిన్ చేరాయి, అప్పటికి బ్లూ ఆరిజిన్ రాకెట్ న్యూ గ్లెన్ ఎగరలేదు. 2025 మార్చిలో రాకెట్ ల్యాబ్‌నీ స్టోక్ స్పేస్‌నీ కలిపారు, వాళ్ల రాకెట్లు న్యూట్రాన్, నోవా కూడా అప్పటికి ఎగరనివే. మొదటి ప్రయోగం విజయవంతం అయ్యాకే మిషన్ల కోసం పోటీ పడొచ్చు, కానీ గుమ్మం లోపలికైతే వచ్చారు. ఎగరని రాకెట్ ఉన్నవాళ్లు నమ్మదగ్గ ప్లాన్ చూపించాలి, ఆ నమ్మకాన్ని కట్టడం ఆర్‌ఎఫ్‌ఐ రోజుల నుంచే మొదలుపెట్టొచ్చు.

మన తెలుగువాళ్లు తప్పక చూసుకోవాల్సిన చోటు

అందరికంటే మనకి ఎక్కువ తగిలేది ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను. లాంచ్ వాహనాల సాంకేతిక సమాచారం ఐటార్ అనే ఆయుధాల ఎగుమతి నియమాల కిందకి వస్తుంది, ఆయుధాల జాబితాలో 4వ కేటగిరీ. అలాంటి సమాచారాన్ని "యూఎస్ పర్సన్" కానివాళ్లకి చూపించడం, అమెరికాలో అదే ఆఫీసులో పక్క సీట్లో కూర్చున్నా సరే, అనుమతి లేకపోతే ఎగుమతి చేసినట్టే లెక్క. పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, శరణార్థులుగా రక్షణ పొందినవాళ్లు యూఎస్ పర్సన్స్. హెచ్1బీ, ఓపీటీ మీద ఉన్నవాళ్లు కాదు. ఎన్నేళ్లుగా ఉంటున్నా, ఎంత మంచి ఇంజినీరైనా కాదు.

సామ్ డాట్ గవ్‌లో బహిరంగంగా ఉన్న నోటీసు ఎవరైనా చదవొచ్చు. కానీ దానికి జతచేసిన సాంకేతిక పత్రాలు చాలాసార్లు తాళం వేసి ఉంటాయి. అవి కావాలంటే ఇలాంటి పత్రాలు చూసే అర్హతని ధ్రువీకరించే జాయింట్ సర్టిఫికేషన్ ప్రోగ్రాం కింద డీడీ ఫారం 2345 ఆమోదం చూపించమంటారు. ఇది కూడా రాత్రికి రాత్రి వచ్చేది కాదు.

నేను చూసిన ఒక సంఘటన: జవాబు డ్రాఫ్టుని గ్రామర్ చూసిపెట్టమని ఒకాయన తన టీమ్ గ్రూపు మొత్తానికి మెయిల్ కొట్టాడు. అందులో ఇద్దరు హెచ్1బీ మీద ఉన్నారు, ఒకరు ఇండియా ఆఫీసు. డ్రాఫ్టులో రెండో స్టేజీ ఇంజిన్ వివరాలున్నాయి. రెండు రోజులు లాయర్లతో మీటింగులు, మెయిల్ సర్వర్ నుంచి తుడవడాలు, అందరికీ టెన్షన్, జవాబేమో అక్కడే ఆగిపోయింది. కాబట్టి మొదటి రోజే ఒక ఫోల్డర్ తెరిచి, అందులోకి ఎవరు రావొచ్చో మీ ఎక్స్‌పోర్ట్ కంప్లయన్స్ మనిషితో పేర్లు ఖాయం చేయించండి. ఆ తర్వాత డ్రాఫ్టులు అక్కడే తిరగాలి. మీరే యూఎస్ పర్సన్ కాకపోతే ఆ మాట మేనేజర్‌కి ముందే చెప్పండి. చెప్పడంలో నామోషీ ఏం లేదు, దాచడంలోనే ప్రమాదం ఉంది. బయటి ఏఐ టూల్‌లో పేస్ట్ చేసి భాష సరిచేయించుకోవడం కూడా ఇదే ఖాతాలోకి వస్తుంది.

సాంకేతిక జవాబు

ఇక్కడ మీ సమయంలో సగం పెట్టండి.

సైనిక మిషన్లని రెఫరెన్స్ కక్ష్యలతో కొలుస్తారు. తక్కువ ఎత్తు కక్ష్యలు, ధ్రువ కక్ష్యలు, జీపీఎస్ ఉపగ్రహాలు తిరిగే సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు, 35,786 కిలోమీటర్ల దగ్గర భూస్థిర కక్ష్య, ఇలా. లేన్ 2లో ఉండాలంటే అన్నిటినీ చేరగలగాలి. లేన్ 1 అంత కఠినం కాదు, అందుకే కొత్తవాళ్లకి తలుపు అది. అన్నిటికంటే కష్టం ఉపగ్రహాన్ని నేరుగా భూస్థిర కక్ష్యలో వదలడం. పై స్టేజీ గంటల తరబడి ఖాళీగా తేలుతూ, ఇంధనం గడ్డకట్టకుండా ఆవిరైపోకుండా, బ్యాటరీ దిగిపోకుండా ఉండి, మళ్లీ ఇంజిన్ వెలిగించాలి. మీ స్టేజీ అంతసేపు బతకదంటే దాచకండి. "తక్కువ ఎత్తు కక్ష్యలకే పోటీ పడతాం" అని రాసినవాళ్ల మిగతా అంకెలని కూడా ఎక్కువ నమ్ముతారు.

ఒక ప్రశ్న తీసుకుందాం: 500 కిలోమీటర్ల ఎత్తులో సన్ సింక్రనస్ కక్ష్యకి (ఉపగ్రహం ఏ చోటి మీదుగానైనా రోజూ ఒకే స్థానిక సమయానికి వెళ్లే ధ్రువ కక్ష్య) మీ సామర్థ్యం ఎంత? చాలామంది రాసే జవాబు ఇలా ఉంటుంది: "మా రాకెట్ ఆ తరగతిలో అత్యుత్తమ సామర్థ్యంతో, అత్యాధునిక టెక్నాలజీతో ప్రభుత్వ అవసరాలన్నీ తీర్చగలదు." ఇందులో చదివేవాడు తన పట్టికలో రాసుకోవడానికి ఒక్క ముక్క లేదు. అదే ఒక ఊహా రాకెట్ తీసుకుని, ఊహించిన అంకెలతోనే ఇలా రాసి చూడండి:

"వాండెన్‌బర్గ్ నుంచి 1,150 కిలోలు. ఇది 8 శాతం మార్జిన్ తీసేశాక మిగిలిన అంకె. 45 కిలోల అడాప్టర్ ఇందులో కలవలేదు. మొదటి స్టేజీ ఇంజిన్ అంకెలు టెస్ట్ స్టాండ్ మీద పూర్తి నిడివి మండించి కొలిచినవి. రెండో స్టేజీ అంకెలు లెక్కల నుంచి వచ్చినవి, స్టాండ్ పరీక్ష వచ్చే మూడో త్రైమాసికంలో. ఆ పరీక్షలో అంకె 2 శాతం తగ్గితే సామర్థ్యం సుమారు 1,090 కిలోలకి దిగుతుంది."

ఎగిరి తేలినది ఏది, నేల మీద పరీక్షించినది ఏది, కాగితం మీద లెక్క ఏది, ఈ మూడూ విడివిడిగా చెప్పడమే ఇందులో కిటుకు. చదివేది జనరల్ గారు కాదని గుర్తుంచుకోండి. చాలాసార్లు ఏరోస్పేస్ కార్పొరేషన్ ఇంజినీర్లు చదువుతారు. అది 1960 నుంచి ప్రభుత్వం తరఫున రాకెట్లు, ఉపగ్రహాల లెక్కలు సరిచూస్తున్న లాభాపేక్ష లేని సంస్థ, ఆఫీసు కూడా అదే ఎల్ సెగుండోలో. విశేషణాలు వాళ్ల కంటికి ఆనవు, మార్జిన్లు మాత్రం ఆనతాయి.

ఏడాదికి ఎన్ని ప్రయోగాలు అంటే కూడా ఒక్క అంకె పడేయకండి. ఏది మిమ్మల్ని ఆపుతుందో చెప్పండి. నెలకి ఎన్ని ఇంజిన్లు బయటికొస్తాయి, ఒక ప్రయోగం తర్వాత ప్యాడ్ మళ్లీ సిద్ధం కావడానికి ఎన్ని రోజులు, ఒకే సిబ్బంది రెండు మిషన్లు సమాంతరంగా నడపగలరా, వాణిజ్య కస్టమర్లకి ఇప్పటికే మాటిచ్చినవి ఎన్ని. నెలకి రెండు ఇంజిన్లు తయారయ్యే కంపెనీ, రాకెట్‌కి తొమ్మిది ఇంజిన్లు పెట్టుకుని, బూస్టర్ తిరిగి వాడకుండా ఏడాదికి 12 ప్రయోగాలు అని రాస్తే అవతలివాళ్లు కాలిక్యులేటర్ కూడా తీయరు.

ఉపగ్రహాన్ని రాకెట్ మీద నిటారుగా నిలబెట్టే అమర్చాలా, పడుకోబెట్టి అమర్చొచ్చా అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ కొన్ని నిఘా ఉపగ్రహాలు నిటారుగానే ఎక్కాలి, దానికి ప్యాడ్ దగ్గర కదిలే టవరో ఎత్తైన భవనమో కావాలి. మీకు లేకపోతే కట్టడానికి ఎంత కాలం, ఎంత డబ్బు అని రాయండి. ఫెయిరింగ్ (ఉపగ్రహాన్ని కప్పే రాకెట్ ముక్కు భాగం) లోపలి కొలతలు, కంపన స్థాయిలు, శుభ్రత తరగతి లాంటివి పట్టికగా పెడితే సరిపోతుంది.

వైఫల్యాలు దాచొద్దు. యూఎల్‌ఏ కొత్త రాకెట్ వల్కన్ రెండో ప్రయోగంలో, 2024 అక్టోబర్‌లో, ఒక ఘన ఇంధన బూస్టర్ నాజిల్ ఊడిపోయింది. రాకెట్ అయినా కక్ష్య చేరింది, కారణం వెతికి, సరిచేసి, చూపించాక 2025 మార్చిలో సర్టిఫికేషన్ వచ్చింది. తప్పు జరగడం కన్నా అది ఎందుకు జరిగిందో చెప్పలేకపోవడమే వాళ్లని ఎక్కువ భయపెడుతుంది.

ధర

అడిగితే ఇవ్వండి, ఒకే అంకెగా మాత్రం కాదు. ఒక పరిధి ఇచ్చి, అది ఏ ఏడాది డాలర్లలోనో, ఎన్ని ప్రయోగాలు కొంటే ఆ ధరో రాయండి. మామూలు ప్రయోగం ధర వేరుగా, ఆ మిషన్‌కి ప్రత్యేకంగా కావాల్సినవి వేరుగా, ప్రభుత్వ ఇంజినీర్లు మీ డిజైన్, పరీక్షలు దగ్గరుండి చూసుకునే పని వేరుగా చూపండి. ఈ చివరిది చిన్న కంపెనీలు మర్చిపోతాయి. వాణిజ్య ప్రయోగానికీ సైనిక ప్రయోగానికీ ధరలో తేడా రావడానికి అది పెద్ద కారణం. గెలుద్దామన్న ఆశతో తక్కువ అంకె రాస్తే ప్రభుత్వం తన అంచనా దాని మీద కట్టుకునే ప్రమాదం ఉంది, ఏడాది తర్వాత టెండర్‌లో మీరే దాన్ని అందుకోలేరు.

షరతులు మార్చమని అడిగే విధానం

నన్నడిగితే జవాబు మొత్తంలో అసలైన భాగం ఇదే, దీన్నే చాలామంది చివరి అరపేజీకి నెట్టేస్తారు. "ఈ షరతు పోటీని దెబ్బతీస్తుంది" అని ఫిర్యాదులా రాస్తే పక్కన పెడతారు. కాంట్రాక్టింగ్ ఆఫీసర్ (ప్రభుత్వం తరఫున కాంట్రాక్టు కుదిర్చే అధికారి) కాపీ చేసి వాడుకోగలిగేలా రాయండి. పేరా నంబరు, ఇప్పుడున్న మాట, దానివల్ల జరిగేది, మీరు ప్రతిపాదించే మాట, దానివల్ల ప్రభుత్వానికి లాభం, అంతే.

ఉదాహరణకి ముసాయిదాలో "పోటీదారు గత 24 నెలల్లో మూడు విజయవంతమైన ప్రయోగాలు చేసి ఉండాలి" అని ఉందనుకోండి. మీకున్నవి రెండు. "మూడుని రెండు చేయండి" అంటే అది మీ సౌకర్యం. "పోటీలోకి రావడానికి ఒక విజయవంతమైన ప్రయోగం చాలు అని, మిషన్ కేటాయించే నాటికి మూడు ఉండాలి అని రెండు మెట్లుగా మార్చితే, మిషన్ మీద రిస్క్ పెరగకుండానే పోటీదారుల సంఖ్య పెరుగుతుంది" అంటే అది వాళ్ల సౌకర్యం కూడా. వాళ్లకి పోటీ చూపించాల్సిన చట్టబద్ధమైన బాధ్యత ఉంది, మీ వాక్యం రేపు వాళ్ల పైవాళ్లకి ఇచ్చే నివేదికలోకి వెళ్లొచ్చు. అలాంటి మార్పులు రెండో మూడో అడగండి. ఇరవై అడిగితే ఇరవయ్యీ పోతాయి.

ముద్రలు, పంపడం

వ్యాపార రహస్యాలున్న పేజీల మీద మాత్రమే ప్రొప్రైటరీ ముద్ర వేయండి, ఏ పేరాలో ఏ అంకె రహస్యమో గుర్తించండి. ముఖచిత్రం, ఫోన్ నంబరుతో సహా అన్ని పేజీల మీదా కొట్టేస్తే దేన్నీ సీరియస్‌గా తీసుకోరు. సమాచార హక్కు లాంటి అమెరికా చట్టం ఫోయా కింద ఎవరైనా మీ జవాబు అడిగితే, వాణిజ్య రహస్యాలకి 4వ మినహాయింపు ఉంది, కానీ ఏది రహస్యమో వాదించాల్సింది మీరే, ముందే గుర్తించి ఉంటే పని తేలిక. ఏరోస్పేస్ కార్పొరేషన్ వాళ్లు, సలహాదారు కాంట్రాక్టర్లు కూడా చదువుతారని నోటీసులో తరచూ రాసి ఉంటుంది. ఆ సలహాదారు కంపెనీ మీ పోటీదారుకి సంబంధించినదైతే గడువుకి ముందే కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌ని అడగండి.

ఐటార్ సమాచారం ఉన్న ఫైల్‌ని మామూలు మెయిల్‌లో పంపకండి. చాలాచోట్ల డాడ్ సేఫ్ అనే ప్రభుత్వ ఫైల్ సర్వీసు వాడమంటారు. ఇందులో ఒక తిరకాసు ఉంది: క్యాక్ అనే రక్షణ శాఖ గుర్తింపు కార్డు లేనివాళ్లు తమంతట తాము ఫైల్ వేయలేరు, అవతలి అధికారి ముందు మీకు డ్రాప్-ఆఫ్ రిక్వెస్ట్ పంపాలి. గడువు రోజు మధ్యాహ్నం మూడింటికి ఈ సంగతి తెలిసి, ఆ అధికారి లీవులో ఉంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. కనీసం మూడు రోజుల ముందు అడగండి. అందినట్టు జవాబు రాకపోతే ఫోన్ చేయండి.

పంపాక

మౌనం మామూలే, నెలలు గడుస్తాయి. మధ్యలో ఇండస్ట్రీ డే (కంపెనీలన్నిటినీ పిలిచి మాట్లాడే సమావేశం) పెట్టొచ్చు, ఒక్కో కంపెనీకి విడిగా అరగంటో గంటో ఇవ్వొచ్చు. టెండర్ వచ్చేదాకా ప్రభుత్వ అధికారులు కంపెనీలతో మాట్లాడటం తప్పు కాదు, మాట్లాడండి అని ఫార్‌లోనే ఉంది. టెండర్ వచ్చాక మాత్రం అన్నీ కాంట్రాక్టింగ్ ఆఫీసర్ ద్వారానే నడవాలి, తెలిసిన ఇంజినీర్‌కి ఫోన్ చేయడం అప్పటితో ఆపేయాలి. విడి సమావేశానికి స్లైడ్లు ఐదు చాలు, మీ రాకెట్ ఇంజిన్ తయారుచేసే మనిషిని తీసుకెళ్లండి, సేల్స్ మనిషిని ఇంట్లో ఉంచినా ఫర్వాలేదు.

ముసాయిదా టెండర్ పడ్డ రోజు, మీ జవాబుని పక్కన తెరిచి, మీరు ప్రతిపాదించిన రెండు మూడు వాక్యాలు ఎక్కడైనా కనిపిస్తాయేమో వరసగా వెతకండి. అచ్చు మీ మాటల్లో ఉండదు. "24 నెలలు" అన్నది "36 నెలలు" అయి ఉండొచ్చు, "ఉండాలి" అన్నచోట "ఉండటం మంచిది" వచ్చి ఉండొచ్చు. మారనివాటి మీద ముసాయిదా ప్రశ్నల గడువులోపు మళ్లీ రాయండి, ఈసారి కొత్త సమాచారంతో, ఉదాహరణకి మొన్న జరిగిన ఇంజిన్ పరీక్ష ఫలితంతో. లేన్ 1లోకి కొత్తవాళ్లని ఏటా చేర్చుకునే అవకాశం ఉంది కాబట్టి, అమెరికా ఆర్థిక సంవత్సరం మొదలయ్యే అక్టోబర్ 1 కన్నా ముందే, ఆగస్టులోనే ఆ ఫోల్డర్ మళ్లీ తెరిచి అంకెలు తాజా చేసి పెట్టుకోండి.